ఇంటి కుండీలలో నల్ల నుసుములు: ఫంగస్ గ్నాట్స్‌ను మట్టిలోనే అరికట్టే విధానం

మొక్కకు నీళ్లు పోయగానే కుండీలోంచి నల్లటి నుసుములు గుప్పున లేస్తున్నాయని, స్ప్రే కొడితే రెండు రోజులు కనబడకుండా పోయి మళ్లీ వస్తున్నాయని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వివరంగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. వీటి పేరు ఫంగస్ గ్నాట్స్. మన ఇళ్లలో నుసుములని, చిన్న దోమలని అంటాం కనుక ఇక్కడ నుసుములనే రాస్తాను.

అడిగినవారిలో దాదాపు అందరూ చేస్తున్న పొరపాటు ఒకటే. గాలిలో ఎగిరే వాటిని చంపుతున్నారు గానీ, వాటిని పుట్టిస్తున్న తడి మట్టి జోలికి పోవడం లేదు. ఎగిరే నుసుము బతికేది వారం పది రోజులే. ఆలోగా ఒక్కో ఆడ నుసుము తడిగా ఉన్న పైమట్టిలో 100 నుంచి 200 గుడ్ల దాకా పెట్టగలదు. గది ఉష్ణోగ్రత 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే మూడు రోజులలో గుడ్డు పగులుతుంది, పది రోజుల పాటు లార్వా (గుడ్డులోంచి వచ్చిన పురుగు పిల్ల) మట్టిలో తింటూ పెరుగుతుంది, నాలుగు రోజులు ప్యూపాగా (తినకుండా రూపం మారే దశలో) ఉండి ఆ తర్వాత రెక్కలతో బయటికి వస్తుంది. మీకు కనిపించే పది నుసుముల వెనుక మట్టిలో ఏ దశలో ఎన్ని ఉన్నాయో కంటికి తెలియదు. అందువల్ల ఒక్క రోజు చేసే పనితో ఇవి పోవు. పైనున్న రెండంగుళాల మట్టి మీద నాలుగు వారాల పాటు వదలకుండా పని చేయాలి.

1. అవి నుసుములేనా అని నిర్ధారించుకోవడం

ఇంట్లో తిరిగే చిన్న పురుగులన్నీ కుండీలలోంచి వచ్చినవి కావు. పురుగు మారితే చికిత్స కూడా మారుతుంది కనుక ఈ మెట్టును దాటేయవద్దు.

- ఫంగస్ గ్నాట్ 2 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. నల్లటి సన్నని ఒళ్లు, పొడవాటి కాళ్లు, పూసలు గుచ్చినట్లుండే మీసాలు ఉంటాయి. సరిగా ఎగరలేదు. కుండీ అంచు మీద, మట్టి మీద పరుగెడుతుంది, కదిలిస్తే తడబడుతూ లేస్తుంది.
- పండ్ల ఈగ గోధుమ రంగులో, ఎర్రటి కళ్లతో, కాస్త లావుగా ఉంటుంది. అరటిపండ్ల బుట్ట చుట్టూ, చెత్తబుట్ట దగ్గర తిరుగుతుంది.
- బాత్రూమ్ గోడ మీద రెక్కలు పరుచుకొని కదలకుండా కూర్చునే బొచ్చు ఈగ డ్రైనేజీ గొట్టంలో పుడుతుంది. దానికి మొక్కలతో సంబంధం లేదు.
- మనీ ప్లాంట్ పెట్టిన సీసా నీళ్లలో మెలికలు తిరుగుతూ ఈదేవి దోమ పిల్లలు. ఆ నీళ్లను వారానికి రెండుసార్లు మార్చాలి.

నుసుములు కుట్టవు, మనుషులకు జబ్బులు తేవు. పెద్ద మొక్క వీటిని చాలావరకు తట్టుకుంటుంది. నష్టమంతా నారుకు, కొత్తగా నాటిన కొమ్మలకు, వేరు ఇంకా పట్టు దొరకని చిన్న మొక్కలకు. లార్వాలు ప్రధానంగా తినేది మట్టిలోని బూజును, కుళ్లుతున్న సేంద్రియ పదార్థాన్ని. అది చాలనప్పుడు, లేదా వాటి సంఖ్య బాగా పెరిగినప్పుడు, పీచు వేళ్లను కొరకడం మొదలుపెడతాయి. అలా గాయపడిన వేళ్లలోకి కుళ్లు తెగుళ్లు తేలికగా దిగుతాయి.

2. బంగాళదుంప ముక్కతో పరీక్ష

ఏ కుండీలో ఎంత సమస్య ఉందో తెలియకుండా అన్ని కుండీలకూ మందు పోయడం వృథా. ఒక బంగాళదుంపను చెక్కు తీసి, అంగుళం వెడల్పు ముక్కలుగా కోసి, ఒక్కో కుండీలో ఒక్కో ముక్కను కోసిన వైపు మట్టికి తగిలేలా కొద్దిగా నొక్కి పెట్టండి. మూడు నాలుగు రోజుల తర్వాత వెలుతురులో ముక్కను తిప్పి చూడండి.

లార్వా ఉంటే ఇలా కనిపిస్తుంది: తడిసిన తెల్ల దారపు ముక్కలాంటి ఒళ్లు, అయిదారు మిల్లీమీటర్లకు మించని పొడవు, ఒక చివర గుండుసూది మొనంత నల్లటి తల. ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉంటుంది కనుక లోపల పేగు నల్లటి గీతలా కనబడుతుంది. ముక్క అడుగునే కాక, ముక్క కింద మట్టిలోనూ చూడాలి. కుండీ పేరు, కనిపించిన లార్వాల సంఖ్య, తేదీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మందు మూడు విడతలు పోశాక ఇదే పరీక్ష మళ్లీ చేస్తారు. పోల్చుకోవడానికి ఈ కాగితమే ఆధారం.

పరీక్ష ముగిశాక ముక్కలను కుండీలలోనే మరచిపోవద్దు. అవి కుళ్లితే మీరే వాటికి మేత వేసినట్లవుతుంది.

3. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పని మధ్యలో ఆపి వెతుక్కునే అవసరం రాకుండా వీటిని ఒకచోట పెట్టుకోండి.

- పసుపు రంగు జిగురు అట్టలు. దొరకకపోతే పసుపు అట్టముక్కలకు ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద ఆముదం గానీ గ్రీజు గానీ పలచగా పూసి వాడుకోవచ్చు.
- మట్టి తడి చూడటానికి వెలిగించి అయిపోయిన అగరుబత్తి పుల్లలు. ఇవి ఉండగా మీటరు కొనవలసిన పని లేదు.
- పైమట్టి తీయడానికి పాత చెంచా లేదా చిన్న తాపీ, తీసిన మట్టిని మూసి కట్టడానికి మందపాటి ప్లాస్టిక్ సంచి.
- కింది నుంచి నీళ్లు పట్టించడానికి వెడల్పాటి టబ్బు.
- బీటీఐ అనే జీవ సంబంధమైన మందు. దీని వివరం ఏడో మెట్టులో ఉంది.
- కడిగి ఎండబెట్టిన ముతక ఇసుక.

4. మొదటి రోజు చేయవలసిన పని

నుసుములున్న కుండీలన్నింటినీ ఒక గదిలోకో, బాల్కనీలో ఒక మూలకో చేర్చండి. లేనివాటిని వేరుగా ఉంచండి. మొక్కలు చెల్లాచెదురుగా ఉంటే ఒక కుండీని బాగుచేసేలోపు పక్క కుండీలో గుడ్లు పడతాయి.

తర్వాత ప్రతి కుండీలోనూ మట్టి మీద పడిన ఎండుటాకులు, రాలిన పూలు, పాచి, తెల్లబూజు ఏరివేయండి. పైనున్న అంగుళం మట్టిని వేళ్లకు దెబ్బ తగలకుండా చెంచాతో తీసి, వెంటనే సంచిలో వేసి మూతి బిగించండి. గుడ్లు, లార్వాలలో చాలా భాగం ఈ పొరలోనే ఉంటాయి. ఆ మట్టిని పక్క కుండీలో పోయడం గానీ, మూత లేని చెత్తబుట్టలో వేయడం గానీ చేయకూడదు. వేసవిలో అయితే సంచిని మూసినట్లే ఉంచి నాలుగు వారాలు డాబా మీద ఎండలో పెడితే, ఆ మట్టి మళ్లీ వాడుకోవడానికి పనికివస్తుంది.

కుండీని ఎత్తి అడుగు చూడండి. చిల్లు మూసుకుపోతే పుల్లతో గుచ్చి తెరవండి. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోసి, పళ్లెం రుద్ది కడగండి. అందం కోసం కుండీని చిల్లు లేని మరో కుండీలో దించి పెట్టేవారు లోపలి కుండీని పైకి తీసి చూడాలి. అడుగున రెండంగుళాల మురికి నీళ్లు నిలిచి, వేళ్లు వాటిలో మునిగి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. పైమట్టి ఎన్నటికీ ఆరకపోవడానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అలా నిలిచిన నీళ్లలో డెంగీ దోమలు కూడా పెరుగుతాయి కనుక ఈ ఒక్క పనికి రెండు ప్రయోజనాలు.

5. నీళ్లు పోసే పద్ధతిని మార్చడం

ఈ మెట్టు సరిగా చేస్తే చాలా ఇళ్లలో మందు అవసరమే రాదు. ఇది చేయకపోతే ఎంత మంచి మందు వాడినా నుసుములు తిరిగి వస్తాయి. పైనున్న రెండంగుళాల మట్టి పొడిగా ఉంటే ఆడ నుసుము అక్కడ గుడ్లు పెట్టడానికి ఇష్టపడదు, పెట్టిన గుడ్లలోంచి వచ్చిన లేత లార్వాలు తడి లేక చనిపోతాయి.

రోజును బట్టి కాక, మట్టిని బట్టి నీళ్లు పోయడం అలవాటు చేసుకోవాలి. అగరుబత్తి పుల్లను కుండీ అంచుకు దగ్గరగా మూడంగుళాల లోతు గుచ్చి, ఒక నిమిషం ఉంచి తీయండి. పుల్ల రంగు ముదిరి మట్టి అంటుకుంటే లోపల తడి ఉన్నట్లు. పొడిగా వస్తే నీళ్లు పోయవచ్చు. కొన్నాళ్లకు కుండీని చేత్తో ఎత్తి చూస్తే బరువును బట్టే తెలిసిపోతుంది.

మొక్కను బట్టి ఎంత ఆరనివ్వాలో ఇలా నిర్ణయించుకోండి.

- స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కలబంద, అడీనియం: కుండీ అడుగుదాకా ఆరవచ్చు. వీటికి మూడు వారాలు నీళ్లు ఆపినా మొక్కకు ఏమీ కాదు, నుసుముల తరం మాత్రం అక్కడితో తెగుతుంది. వీటికి మందు పోయవద్దు.
- మనీ ప్లాంట్, రబ్బరు మొక్క, కరివేపాకు: పైన రెండంగుళాలు ఆరేదాకా ఆగాలి.
- పీస్ లిల్లీ, ఫెర్న్, చిన్న నారు: ఇవి పూర్తిగా ఆరడాన్ని ఓర్చుకోవు. పై పొర మాత్రం పొడిబారేలా చూసి, మిగతా పనిని మందుకు వదలాలి.

నీళ్లను పైనుంచి పోసే బదులు కింది నుంచి పట్టించండి. టబ్బులో రెండంగుళాల ఎత్తు నీళ్లు పోసి, చిల్లులున్న కుండీని అందులో 20 నుంచి 30 నిమిషాలు ఉంచితే మట్టి అడుగు నుంచి తడిని పీల్చుకుంటుంది. పై పొర చెమ్మగిల్లడానికి ముందే కుండీని తీసి, నీళ్లు పూర్తిగా ఓడిన తర్వాత పళ్లెంలో పెట్టండి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఎప్పుడూ కింది నుంచే పట్టిస్తే అవి పైకి చేరి మట్టి మీద తెల్లటి పెచ్చు కడుతుంది. నుసుములు పోయిన తర్వాత రెండు నెలలకు ఒకసారి పైనుంచి నిండుగా నీళ్లు పోసి, అడుగు చిల్లు నుంచి బాగా కారనివ్వండి.

తులసి విషయంలో కొందరు ఇబ్బంది పడుతున్నారు. పూజలో రోజూ నీళ్లు పోయక తప్పదు, పోస్తే మట్టి ఆరదు. చెంబుడు నీళ్లకు బదులు ఉద్ధరిణెడు నీళ్లు మొక్క మొదలు దగ్గర సమర్పించి, మొక్కకు కావలసిన అసలు తడిని పుల్ల పరీక్షను బట్టి విడిగా ఇవ్వండి. కోటలో వేసిన పూలు, అక్షతలు, పాల చుక్కలు మట్టిలో కుళ్లకుండా ఏ రోజువి ఆ రోజు తీసేయాలి. వీలైతే కోటను వరండాలో ఎండ తగిలే చోటికి మార్చడం తులసికి అన్నివిధాలా మేలు.

వానాకాలంలో, గాలి తేమగా ఉండే కోస్తా ఊళ్లలో, కిటికీలు మూసే శీతాకాలంలో మట్టి ఆరడానికి వేసవిలో కంటే రెండు మూడు రెట్లు సమయం పట్టవచ్చు. మే నెలలో పోసినన్ని నీళ్లు ఆగస్టులోనూ పోస్తే నుసుములను పిలిచినట్లే. కుండీలను కిటికీ దగ్గరికి జరపడం, రోజుకు రెండు గంటలు ఫ్యాను గాలి తగలనివ్వడం బాగా పనిచేస్తుంది.

6. పైమట్టికి తిండి పెట్టడం ఆపడం

ఈ మాట చాలామందికి రుచించదు, అయినా చెప్పాలి. మనం మొక్కకు బలమని వేసే వంటింటి పదార్థాలు ఇంటి లోపలి కుండీలో మొదట బూజుకు, ఆ బూజు ద్వారా నుసుములకు బలమిస్తున్నాయి. బియ్యం కడిగిన నీళ్లు, కాచి వడగట్టిన టీ పొడి, అరటితొక్క నీళ్లు, పులిసిన మజ్జిగ, జీవామృతం వంటివి నేల మీద, మిద్దెతోట మడుల్లో, ఎండ, గాలి, వానపాములు ఉన్నచోట బాగుంటాయి. ఎండ తగలని గదిలో ఆరంగుళాల కుండీలో అవి కుళ్లుతాయి.

వేపపిండి కూడా ఇంతే. పురుగును చంపుతుందని పైన చల్లి నీళ్లు పోస్తే రెండు రోజులలో దాని మీద తెల్లటి బూజు పొర అల్లుకుంటుంది. వేపపిండిని కుండీ నింపేటప్పుడు అడుగు సగంలో కలపాలి, పైన చల్లకూడదు.

ఎరువు విషయంలో నేను నేర్చుకున్న పాఠం ఇది. ఒక వానాకాలంలో చెమ్మగా, ముద్దగా, ఇంకా పేడ వాసన పోని వర్మీకంపోస్టు సంచి కొని, ఒకే రోజు ఇంట్లోని కుండీలన్నింటిలో అంగుళం మందాన పరిచాను. మూడు వారాలకు వంటింటి దీపం చుట్టూ నుసుములు మూగాయి. కిటికీ మీద పెంచుతున్న కరివేపాకు నారు నీళ్లున్నా వాడిపోతుంటే ఒక మొక్కను మెల్లగా పైకి తీశాను. తల్లివేరు మీది తోలు ఒలిచినట్లుగా పోయి గోధుమ రంగు ఈనె మాత్రం మిగిలింది, మొదలు దగ్గర మూడు లార్వాలు తలలు దూర్చి ఉన్నాయి. ఆ నారులో ఒక్క మొక్క కూడా దక్కలేదు. బాగా మాగిన ఎరువు టీ పొడిలా రాలుతుంది, వాన పడిన నేల వాసన వేస్తుంది. అలా లేని ఎరువును ఇంటి లోపలికి తేకండి.

ఈ నాలుగు వారాల పాటు ఘనరూపంలో ఏ ఎరువూ వేయవద్దు. మొక్కకు నష్టమేమీ ఉండదు.

7. లార్వాలకు బీటీఐ పట్టించడం

బీటీఐ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బ్యాక్టీరియా. దోమ లార్వాలను చంపడానికి నీటి గుంటలలో వాడేది ఇదే. లార్వా దీన్ని తిన్నప్పుడు దానిలోని విషపు స్ఫటికాలు పేగును ఛిద్రం చేస్తాయి. లార్వా తినడం మానేసి, ఒకటి రెండు రోజులలో చనిపోతుంది. మనుషులకు, పిల్లులకు, కుక్కలకు, వానపాములకు హాని చేయదు కనుక ఇంటి లోపల వాడటానికి ఇంతకంటే తగిన మందు లేదని నా అభిప్రాయం.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో బీటీ అని అడిగితే తరచుగా ఇచ్చేది కుర్‌స్టాకి రకం. అది గొంగళి పురుగులకు పనిచేస్తుంది, నుసుములకు పనిచేయదు. అట్ట మీద ఇజ్రాయెలెన్సిస్ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. దోమల లార్వాల కోసం పొడిగానూ, ద్రవంగానూ అమ్ముతారు. ఒక్కో తయారీ గాఢత ఒక్కో విధంగా ఉంటుంది కనుక మోతాదును అట్ట మీది సూచనను బట్టే కొలవాలి.

వాడే వరుస ఇది.

- కుండీకి నీళ్లు అవసరమైన రోజునే మందు పోయాలి. ఆ మందు నీళ్లనే ఆ విడత తడిగా లెక్కించాలి. తడిగా ఉన్న కుండీలో మందు కోసమని మళ్లీ నీళ్లు పోస్తే అయిదో మెట్టులో చేసిన శ్రమంతా పోతుంది.
- చల్లటి నీళ్లలో కలపండి. వేడి నీళ్లు వాడవద్దు. కలిపిన మందును ఆ రోజే వాడేయండి, మిగిలింది దాచవద్దు.
- ఈసారి మాత్రం పైనుంచే పోయాలి. లార్వాలు పై పొరలోనే ఉంటాయి, అవి తినే చోటికి మందు చేరాలి. మొక్క మొదలు నుంచి కుండీ అంచుదాకా మట్టి అంతా సమంగా తడిసేలా నెమ్మదిగా పోయండి.
- పళ్లెంలోకి దిగిన నీళ్లను అరగంట తర్వాత పారబోయండి.
- సాయంత్రం పూట పోయడం మేలు. ఎండ తగిలితే దీని బలం త్వరగా తగ్గుతుంది.

గుడ్ల మీద, ప్యూపాల మీద బీటీఐ పనిచేయదు, తింటున్న లార్వా మీదే పనిచేస్తుంది. పైగా మట్టిలో దీని బలం కొద్ది రోజులే నిలుస్తుంది. అందుకే మొదటిసారి పోసిన 7 రోజులకు రెండోసారి, 14 రోజులకు మూడోసారి పోయాలి. అప్పటికీ లార్వాలు కనబడితే 21వ రోజు నాలుగోసారి. కుండీ ఇంకా ఆరకపోతే ఒకటి రెండు రోజులు జరపవచ్చు, మానేయకూడదు. ఒకసారి పోసి ఎగిరేవి తగ్గలేదని మందునే తప్పుబట్టడం తరచుగా జరిగే పొరపాటు. మొదట్లో కొన్ని రోజులు పాత ప్యూపాల నుంచి కొత్త నుసుములు వస్తూనే ఉంటాయి.

8. బీటీఐ దొరకనప్పుడు

వేపనూనె రెండో మార్గం. గోరువెచ్చని లీటరు నీళ్లలో ముందు ఒకటి రెండు మిల్లీలీటర్ల కుంకుడుకాయ రసం గానీ, లిక్విడ్ సోపు గానీ కలిపి, తర్వాత 5 మిల్లీలీటర్ల వేపనూనె పోసి పాలలా తెల్లబడేదాకా గిలకొట్టండి. సబ్బు లేకపోతే నూనె పైన తేలి, ఒకే చోట పడి వేళ్లకు ఊపిరాడకుండా చేస్తుంది. దీన్ని కూడా నీళ్లు అవసరమైన రోజునే, వారానికి ఒకసారి, మూడుసార్లు మట్టికి పట్టించాలి. వేపలోని అజాడిరక్టిన్ లార్వా కుబుసం విడవడాన్ని, ఎదగడాన్ని అడ్డుకుంటుంది కనుక ఫలితం నెమ్మదిగా వస్తుంది. ముందు ఒక కుండీలో పోసి నాలుగు రోజులు చూసి, తర్వాతే మిగతావాటికి వాడండి. లేత నారుకు వద్దు. గదిలో రెండు రోజులు వాసన ఉంటుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ (గాయాలు కడగడానికి వాడే ద్రావణం) గురించి అడిగేవారు ఒక విషయం గమనించాలి. విదేశీ వీడియోలలో చెప్పే కొలత, 1 వంతుకు 4 వంతుల నీళ్లు, 3 శాతం ద్రావణానికి సంబంధించినది. మన మందుల దుకాణాలలో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం. దానికి 1 వంతుకు 9 వంతుల నీళ్లు కలపాలి. సీసా మీద శాతం చదవకుండా కలిపితే వేళ్లు మాడతాయి. ఇది తగిలిన లార్వాను చంపుతుంది, కొద్దిసేపటికే నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, మట్టిలోని మంచి సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది. లార్వాలు కుప్పలుగా ఉన్నప్పుడు ఒక్కసారి వాడవచ్చు, అలవాటుగా వాడకూడదు. బీటీఐ పోసిన వారంలో దీన్ని పోయవద్దు. ఆ బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

పొలంలో వాడే గుళికల మందులను ఇంటి కుండీలలో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇంట్లో అవి ప్రాణాంతకం. పసుపు, దాల్చినచెక్క పొడి పైన చల్లితే మట్టి లోపలున్న లార్వాకు చేరవు. వాటి మీద నేను ఆధారపడను.

9. జిగురు అట్టలు, ఇసుక పొర

జిగురు అట్టలతోనే నుసుములు అంతం కావు. అవి గుడ్లు పెట్టబోయే ఆడవాటిని కొంత తగ్గిస్తాయి, అంతకంటే ముఖ్యంగా మీ పని ఎలా సాగుతోందో చెబుతాయి. అట్టను కొమ్మకు ఎత్తుగా కట్టవద్దు. నుసుములు మట్టికి దగ్గరగానే తిరుగుతాయి కనుక పుల్లకు తగిలించి, మట్టికి అంగుళం ఎత్తులో నిలబెట్టండి. అట్ట మూలన తేదీ రాసి, వారానికి ఒకసారి లెక్కపెట్టి కొత్తది పెట్టండి. ఇంట్లో బల్లులు ఎక్కువగా ఉంటే అవి జిగురుకు అతుక్కోకుండా అట్ట చుట్టూ పెద్ద గళ్ల ప్లాస్టిక్ జాలీ ఉంచండి.

ఇసుక పొరను మందు విడతలన్నీ పూర్తయ్యాక వేయాలి. అర అంగుళం మందాన ముతక ఇసుక పరిచి, ఆ తర్వాత నీళ్లు కింది నుంచే పట్టించాలి. సన్నని ఇసుక తడిని పట్టి ఉంచుతుంది కనుక వద్దు. ఇసుక వేసి మళ్లీ పైనుంచి నీళ్లు పోసేవారికి దానివల్ల ఉపయోగం లేదు. కింద మట్టి ఆరిందో లేదో కనబడకుండా పోవడమే మిగులుతుంది.

10. నాలుగు వారాల పట్టిక

- 1వ రోజు: కుండీలు వేరుచేయడం, పైమట్టి తీయడం, పళ్లేలు కడగడం, జిగురు అట్టలు పెట్టడం.
- పుల్ల పొడిగా వచ్చిన మొదటి రోజు: బీటీఐ మొదటి విడత.
- మొదటి విడత తర్వాత 7వ రోజు (కింది రోజులన్నీ ఆ విడత నుంచే లెక్క): అట్టలు లెక్కపెట్టి మార్చడం, రెండో విడత.
- 14వ రోజు: మళ్లీ లెక్క, మూడో విడత.
- 18వ రోజు: బంగాళదుంప ముక్కలు పెట్టడం.
- 21వ రోజు: ముక్కలు తిప్పి చూడటం. లార్వాలుంటే నాలుగో విడత, లేకపోతే మామూలుగా కింది నుంచి నీళ్లు.
- 28వ రోజు: అట్ట మీద కొత్త నుసుములు లేకపోతే ఇసుక పొర వేసి, కుండీని దాని చోటికి చేర్చడం.

11. తగ్గకపోతే ఎక్కడ వెతకాలి

అన్నీ చేసినా మూడో వారంలోనూ అట్ట నిండుతోందంటే, మీ కన్ను పడని తడి మట్టి ఇంట్లో ఎక్కడో ఉంది. మూత తెరిచి పెట్టిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సంచి, వంటింటి వ్యర్థాల కంపోస్టు డబ్బా, చనిపోయిన మొక్కతో మూల పడేసిన పాత కుండీ, పక్క ఇంటివారి బాల్కనీ కుండీ, వీటిని వరుసగా చూడండి. ఒక్కోచోట ఒక్కో జిగురు అట్ట రెండు రోజులు పెడితే పుట్టిల్లు ఏదో అదే చెబుతుంది.

ఒకే కుండీలో తగ్గకపోతే ఆ కుండీ మట్టిని వాసన చూడండి. పుల్లటి కుళ్లు వాసన వస్తే వేళ్లు కుళ్లుతున్నట్లు. అప్పుడు మట్టి మార్చక తప్పదు. మొక్కను తీసి, పాత మట్టిని నీళ్లతో కడిగి, మెత్తబడి నల్లబడ్డ వేళ్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. వేర్ల ముద్దకు సరిపోయే చిన్న కుండీనే ఎంచుకోండి. పెద్ద కుండీలో వేరు చేరని మట్టి వారాల తరబడి తడిగా ఉండిపోతుంది. 2 వంతుల కోకోపీట్, 1 వంతు పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజ రేణువులు) లేదా ముతక ఇసుక, 1 వంతు జల్లించిన మాగిన వర్మీకంపోస్టు తీసుకొని, ఎరువు కలిపిన మిశ్రమాన్ని అడుగున వాడండి. పై రెండంగుళాలు ఎరువు లేని కోకోపీట్, ఇసుక మిశ్రమంతోనే నింపండి. కొత్త మిశ్రమం మీద నమ్మకం లేకపోతే కుండీలో నింపే ముందు బాగా కాగిన నీళ్లు పోసి, పూర్తిగా చల్లారి, పొడిపొడిగా అయ్యాక వాడండి.

12. చలి దేశాలలో కరివేపాకు పెంచేవారికి

అమెరికాలోని చలి ప్రాంతాల మన వాళ్లు శరదృతువులో కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చిన నెలలోపే నుసుములు వచ్చాయని రాస్తుంటారు. చలికాలంలో వెలుతురు తగ్గి కరివేపాకు దాదాపు నిద్రావస్థలోకి వెళుతుంది, ఆకు రాలుస్తుంది, నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. ఆకులు రాలుతున్నాయని కంగారుపడి ఎక్కువ నీళ్లు పోయడంతో కథ మొదలవుతుంది. మట్టిని మూడంగుళాల లోతుదాకా ఆరనివ్వండి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు ఆపండి.

అక్కడ బీటీఐ గింజల రూపంలో మస్కిటో బిట్స్ పేరుతో తేలికగా దొరుకుతుంది. వాటిని నేరుగా మట్టి మీద చల్లి వదిలేస్తే గింజల మీద బూజు పడుతుంది. నీళ్లలో అరగంట నానబెట్టి, వడగట్టి, ఆ నీళ్లను ఏడో మెట్టులో చెప్పినట్లు పోయడం మంచిది. వచ్చే ఏడాది కుండీని లోపలికి తెచ్చే రెండు వారాల ముందే పైమట్టి మార్చి, ఒక విడత బీటీఐ పోసి, ఆ తర్వాత తీసుకురండి.

13. కొత్త మొక్క ఇంటికి వచ్చినప్పుడు

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచండి. తెచ్చిన రోజే ఒక జిగురు అట్ట, ఒక బంగాళదుంప ముక్క పెట్టండి. మట్టి చిత్తడిగా ఉంటే ముందు ఆరనివ్వండి, కుండీ మార్చే తొందర వద్దు. వాడగా మిగిలిన కోకోపీట్, వర్మీకంపోస్టులను మూత బిగుతుగా పట్టే బకెట్టులో పొడిగా దాచండి. జూన్ నుంచి అక్టోబరుదాకా మొక్కల మధ్య ఒక్క జిగురు అట్టను ఎప్పుడూ ఉంచి, ఆదివారం ఆదివారం చూడండి. దాని మీద ఒక వారంలో రెండు మూడు నుసుములు కనిపిస్తే పుల్ల తీసుకొని ఏ కుండీ తడిగా ఉందో అదే రోజు వెతకండి.